మార్కెట్ టైమింగ్ నేర్పును కొలిచే ఉద్యోగం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఫండ్ మేనేజర్ల పనితీరును విశ్లేషించే ఉద్యోగం చేయాలని ఉంది. మార్కెట్ పెరగడాన్ని, పడడాన్ని ముందే పసిగట్టే నేర్పును నిజంగా కొలవగలమా? ఫైనాన్స్ చదవని నాకు ఇది సాధ్యమేనా?

జవాబు: ఫైనాన్స్ చదవలేదన్న టెన్షన్ వద్దు. ఈ పనిలో కష్టమైన భాగమంతా మీ సబ్జెక్టే.

పది నెలల్లో మార్కెట్ ఏడు నెలలు పెరిగి, మూడు నెలలు పడిందనుకోండి. ప్రతి నెలా కళ్లు మూసుకుని 'పెరుగుతుంది' అన్న మేనేజర్‌కు పదికి ఏడు మార్కులు. ఇంకో మేనేజర్ పెరిగిన ఏడింటిలో ఐదు, పడిన మూడింటిలో రెండు సరిగ్గా చెప్పారు. ఆ రెండో మేనేజర్‌కూ ఏడే. ఇద్దరినీ ఒకే గాటన కట్టగలమా? ఆర్థికవేత్త రాబర్ట్ మెర్టన్ 1981లో చూపిన పద్ధతిలో పెరిగిన నెలల్లో ఎంత శాతం సరిగ్గా చెప్పారో, పడిన నెలల్లో ఎంత శాతం సరిగ్గా చెప్పారో విడిగా లెక్కేసి కలుపుతాం. మొత్తం 100 దాటితేనే అంచనాకు విలువ. మొదటి మేనేజర్‌ది సరిగ్గా 100, రెండో మేనేజర్‌ది సుమారు 138. పది నెలల డేటాతో ఏదీ తేల్చలేమని మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే మేనేజర్లు తమ అంచనాలను రాసి మన చేతికివ్వరు. మనకు దొరికేది ఎక్కువగా ఫండ్ రాబడులే. అందుకే ట్రెయ్‌నర్, మజూయ్ అనే పరిశోధకులు 1966లో ఫండ్ రాబడిని మార్కెట్ రాబడితో రిగ్రెషన్ (ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో డేటా నుంచి అంచనా వేయడం) చేస్తూ, మార్కెట్ రాబడి వర్గాన్ని కూడా చేర్చారు. పెరిగే ముందు షేర్ల వాటా పెంచి, పడే ముందు తగ్గించగలిగితే గ్రాఫ్ సరళరేఖలా ఉండదు, పైకి వంగుతుంది. వారు చూసిన 57 ఫండ్లలో ఒక్కదానిలోనే ఆ వంపు కనిపించింది. ఎవరికీ నేర్పు లేకపోయినా, 5% స్థాయిలో (అంటే నేర్పు లేని ఫండ్‌ను పొరపాటున నేర్పున్నదిగా తేల్చే అవకాశం నూటికి ఐదు ఉండేలా) అన్ని ఫండ్లను పరీక్షిస్తే రెండో మూడో అదృష్టం కొద్దీ తేలవచ్చు. ఆ ఒక్కదాన్ని కూడా నేను అనుమానంగానే చూస్తాను.

అసలు ఉద్యోగం ఈ అనుమానంతోనే మొదలవుతుంది. ఫండ్‌లో ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే లేదా అమ్మే హక్కులు) ఉంటే, ఎవరూ ఏదీ ఊహించకపోయినా గ్రాఫ్ వంగుతుంది. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. మార్కెట్ బాగున్నప్పుడు మదుపరులు డబ్బు కుమ్మరిస్తారు, అది కొన్నాళ్లు నగదుగానే ఉండిపోతుంది. దాంతో షేర్ల వాటా తగ్గి, మేనేజర్ సరిగ్గా తప్పు సమయంలో వెనక్కి తగ్గినట్టు కనిపిస్తుంది. తప్పు ఆ మేనేజర్‌ది కాదు. రోజువారీ నిర్ణయాలు తీసుకునేవారిని నెలవారీ రాబడులతో కొలిస్తే ఉన్న నేర్పు కూడా కనబడకపోవచ్చు. ఒకరి వృత్తి జీవితం మీద తీర్పు రాస్తున్నాం కాబట్టి ఇవన్నీ చూడకుండా సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక ప్రాజెక్ట్. ఫండ్లు బహిరంగంగా ప్రకటించే ఎన్‌ఏవీలు (ఒక్కో యూనిట్ విలువలు) తీసుకుని రాబడులు లెక్కేసి, ఆర్‌లోనో పైథాన్‌లోనో ట్రెయ్‌నర్, మజూయ్ పద్ధతిలో రిగ్రెషన్‌ను నడపండి. తర్వాత నేర్పు ఏమాత్రం లేని వెయ్యి మంది ఊహా మేనేజర్లను సిమ్యులేషన్‌లో సృష్టించి, వారిలో ఎంతమంది 'నేర్పరులు'గా తేలతారో లెక్కపెట్టండి. పనితీరు కొలతకు సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ వారి సీఐపీఎం సర్టిఫికెట్ ఉంది, కానీ దాన్ని ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు. ప్రాజెక్ట్‌లో ఒక్క ఫండ్‌లోనూ టైమింగ్ దొరక్కపోతే ఆ ఫలితాన్నే రెజ్యూమేలో రాయండి. ఎందుకు దొరకలేదో ఇంటర్వ్యూలో వివరించగలిగితే చాలు.