రాత్రి రెండైనా సరే, తెల్లారేదాకా ఆగకు

అమ్మలూ,

నీకు నాలుగో నెల నడుస్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పోయినసారి పదో వారం స్కానులో గుండె చప్పుడు లేదన్న మాట విన్నాక, ఇక ఆ గది గుమ్మం తొక్కనన్న పిల్లవి మళ్లీ ధైర్యం చేశావు. నాకెంత గర్వంగా ఉందో! ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. బిడ్డ గుండె చప్పుడు వినే మిషను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నావట, రోజూ పొట్ట మీద పెట్టుకుని చూసుకుంటానన్నావట. అది విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మాత్రలు మానకు. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగకు. బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చెప్పిన తేదీకి చేయించుకో. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప మంచం పట్టకు. పడుకుంటే గర్భం నిలుస్తుందన్నది రుజువైన మాట కాదు.

స్కూటీ ఎక్కినందుకు, బొప్పాయి ముక్క తిన్నందుకు, రాత్రిళ్లు ఆఫీసు పని చేసినందుకే పోయినసారి అలా అయిందని ఇంకా లెక్కలు వేసుకుంటున్నావట. ఆ లెక్కలు ఇవాళ్టితో ఆపెయ్. తెలిసిన గర్భాల్లో 100కి 10 నుంచి 20 దాకా నిలవవు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగం, అంతకు పైనే, క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి. అది చాలాసార్లు పిండం ఏర్పడే వేళే జరిగిపోయే సంగతి, నువ్వు చేసిందీ లేదు, ఆపగలిగేదీ లేదు. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమంది తర్వాతి కాన్పుకి బిడ్డనెత్తుకునే ఇంటికెళ్తారు. నా ఉద్యోగమంతా పురిటి గదుల్లోనే గడిచింది, కళ్లారా చూశాను. నువ్వు దిగులుపడితే గర్భం పోతుందని ఎవరైనా అంటే నమ్మకు తల్లీ. భయపడుతున్నానే అని మళ్లీ భయపడకు.

ఇక అసలు సంగతి. మీ అమ్మని అడిగే రాస్తున్నాను. నీకు ముందు ఒక అన్న పోయాడని నీకు తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పి ఉండరు.

అది 1991. మీ అమ్మకి తొమ్మిదో నెల. నేను రంపచోడవరం వైపు ఏజెన్సీలో ఏఎన్ఎంని, అంటే ఊళ్లలో గర్భిణుల్ని చూసుకునే నర్సుని, వాళ్లింట్లో ఫోను లేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కదలిక తెలియట్లేదని దీపాలవేళ మీ మామ్మతో చెప్పిందట. "నెలలు నిండాయి కదే, లోపల చోటు లేక సర్దుకుని పడుకున్నాడు" అందిట ఆవిడ. మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది. కాసేపటికి మీ అమ్మే "ఇప్పుడు కదిలినట్టుంది" అంది. పేగు కదిలిందో, తన ప్రాణమే అలా కోరుకుందో. కాకినాడ వెళ్లాలంటే ముక్తేశ్వరం దగ్గర గోదావరి దాటాలి, చీకట్లో ఎందుకు, పొద్దున్నే చూద్దాం అనుకున్నారు. పొద్దున వెళ్లేసరికి బిడ్డ లేడు.

రాత్రే వెళ్లి ఉంటే బతికేవాడా? నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. వెళ్లి ఉంటే ఆ ప్రశ్న మీ అమ్మని ఇన్నేళ్లు తినేది కాదు. మీ మామ్మ చెడ్డమనిషి కాదు. ఆవిడకి వాళ్ల అత్తగారు చెప్పిన మాటే ఆవిడా చెప్పింది. ఆ పిల్లాడి కోసం అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆవిడే. కానీ మాట తప్పు. నెలలు నిండేకొద్దీ కదిలే తీరు మారొచ్చు, తన్నడం బదులు పొర్లినట్టు తెలియొచ్చు. కదలడం మాత్రం తగ్గకూడదు.

నీ మిషను కూడా మీ మామ్మ మాటే చెబుతుంది. నీ సొంత నాడి చప్పుడు, మాయలో (ప్లాసెంటాలో) రక్తం పారే చప్పుడు అలవాటు లేని చెవికి బిడ్డ గుండెలాగే వినిపిస్తాయి. గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టూ కాదు. "వినిపించింది కదా" అని పడుకుంటావే, ఆ పడుకోవడమే నా భయం. ఇంకోరోజు చప్పుడు దొరకదు, అర్ధరాత్రి ఒక్కదానివే వెతుక్కుంటూ వణికిపోతావు. అదీ నాకు ఇష్టం లేదు.

18, 20 వారాలకి కదలిక తెలుస్తుంది. మాయ ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం. 28 వారాలు దాటాక రోజూ ఒకే వేళకి, భోజనమయ్యాక, ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టు. రెండు గంటల్లో 10 రాకపోయినా, రోజూ ఉండే తీరు కంటే తగ్గిందని నీకు అనిపించినా ఆసుపత్రికే. రక్తం కనపడినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా అంతే. బండి దొరక్కపోతే 108. ఊరికే వచ్చావని విసుక్కుంటే విసుక్కోనీ. మర్నాడు మళ్లీ అనుమానమొస్తే మళ్లీ వెళ్లు.

ఆ ఇంట్లో ఇంకో తప్పూ జరిగింది. నువ్వు కడుపులో పడ్డాక పోయినవాడి ఊసెత్తితే అశుభమన్నారు. గాజులు తొడిగిన రోజు మీ అమ్మ నవ్వుతూనే కూర్చుంది, రాత్రి పెరట్లో కూర్చుని ఏడ్చింది. సెలవు పెట్టి వచ్చాను కదా, పక్కనే పడుకుని ఆ పిల్లాడి ముఖం ఎలా ఉందో చెప్పమన్నాను. తెల్లవారుజాము దాకా చెప్పింది. ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది. నువ్వూ చెప్పుకో. మా అల్లుడికీ భయంగానే ఉంటుంది, మగాడు కదా, నీ ముందు బయటపడడు. ముందు నువ్వే అడుగు.

బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానుకి అతన్ని వెంట తీసుకెళ్లు. బల్ల మీద పడుకోకముందే డాక్టరుతో చెప్పు: "పోయినసారి ఇలా అయింది, ముందు గుండె చప్పుడు చెప్పండి, కొలతలు తర్వాత తీసుకోండి." వాళ్లు మాట్లాడకుండా చూస్తున్నారంటే చాలాసార్లు కొలతలు తీసుకుంటున్నారంతే. మధ్యలో ఒకసారి అదనంగా చూపించుకోవాలనిపిస్తే మొహమాటపడకుండా అడుగు. తొమ్మిది నెలలూ ఒకేసారి మొయ్యకు, వచ్చే చెకప్ దాకా చూసుకో చాలు. రాత్రి ఫోను పక్క గదిలో పెట్టు, కడుపు పోయినవాళ్ల కథలు వెతకకు. రెండు వారాలు నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే డాక్టరుతో చెప్పు, గర్భిణులకి ఇవ్వగలిగిన వైద్యం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416 టెలి మానస్‌కి ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఈ ఆదివారం మీ అమ్మకి ఫోన్ చేసి మీ అన్న గురించి అడుగు. తను ఎదురుచూస్తోంది. స్కాను తేదీ తెలియగానే నాకు చెప్పు, గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయించుకుంటాను.

మీ పెద్దమ్మ