లాగ్‌లో అందరిదీ ఒకే ఐపీ!

ప్రశ్న: మా వెబ్ అప్లికేషన్‌లో ఎవరు లాగిన్ అయినా లాగ్‌లో ఐపీ అడ్రస్ 127.0.0.1 అనే పడుతోంది. అసలు అడ్రస్ పట్టుకునేదెలా సార్?

జవాబు: కంగారు పడకండి, ఎవరూ హ్యాక్ చేయలేదు. మీ అప్లికేషన్ ముందు, అదే సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి రివర్స్ ప్రాక్సీ (యూజర్ల రిక్వెస్టులను ముందు తాను అందుకుని అప్లికేషన్‌కు చేరవేసే ప్రోగ్రామ్) ఉండి ఉంటుంది. మీ కోడ్‌కు కనెక్షన్ వచ్చేది దాన్నుంచే కాబట్టి దాని అడ్రసే కనిపిస్తుంది; 127.0.0.1 అంటే ‘ఇదే మెషీన్’ అని అర్థం. యూజర్ అడ్రస్‌ను ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’ హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వెళ్లే అదనపు సమాచారం) పంపేలా ప్రాక్సీని సెట్ చేయండి.

చాలామంది బోల్తా పడేది ఆ తర్వాతే. హెడర్‌లో ‘203.0.113.7, 198.51.100.20’ అని వచ్చిందనుకోండి. మొదటిదే యూజర్‌దని కళ్లు మూసుకుని తీసేసుకుంటారు. కానీ ఆ హెడర్‌ను యూజరే ఇష్టమొచ్చినట్టు రాసి పంపొచ్చు. ప్రాక్సీ మామూలుగా దాన్ని చెరపదు, తనకు కనిపించిన అడ్రస్‌ను చివర తగిలిస్తుందంతే. అందుకే కుడి నుంచి చదవాలి. మీ సొంత ప్రాక్సీల అడ్రసులు వదిలేస్తూ వస్తే మొదట తగిలే బయటి అడ్రసే నమ్మదగ్గది.

నన్నడిగితే దీనికి సొంతంగా కోడ్ రాయడం దండగ. జావాస్క్రిప్ట్‌లో వెబ్ అప్లికేషన్లు రాసే ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్‌లో ‘ట్రస్ట్ ప్రాక్సీ’ సెట్టింగ్ ఉంది. దానికి ‘ట్రూ’ ఇచ్చారో, మళ్లీ ఎడమ చివరిదే తీసుకుంటుంది! మీ ప్రాక్సీ అడ్రస్ ఇవ్వండి.

అన్నట్టు, ఐపీ చూసి అకౌంట్లు బ్లాక్ చేసే ఆలోచనుంటే మానుకోండి. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు.