వందల ఎకరాలున్న అమెరికా రైతుకి కష్టాలేముంటాయి? అయోవాలో నేను దగ్గరగా చూసిన ఒక కుటుంబం

వందల ఎకరాలు, ఇల్లంత ట్రాక్టర్లు ఉన్న అమెరికా రైతుకి కష్టాలేముంటాయి అని అడిగారు. నేను అయోవా రాష్ట్రం గ్రండీ కౌంటీలో నాలుగేళ్లు ఒక రైతుకి చెందిన పాత ఇంట్లో అద్దెకున్నాను. ఆ ఇల్లు ఆయన తల్లిదండ్రులది. మాది తెనాలి దగ్గర పల్లె, నాన్న రైతు. అందుకేనేమో ఆయన మాటలు నాకు బాగా గుర్తుండిపోయాయి. నాకు తెలిసిన ఆ ఒక్క కుటుంబం గురించే చెబుతాను.

అక్కడ మనకున్నట్టు ఊరు ఉండదు. మనం ఊళ్లో ఉండి పొలం వెళ్తాం, వాళ్లు పొలంలోనే ఉంటారు. 1785 నాటి చట్టం ప్రకారం నేలనంతా మైలు పొడవు, మైలు వెడల్పు గళ్లుగా కొలిచారు. ఒక గడి 640 ఎకరాలు. మైలుకో కంకర రోడ్డు, అర మైలుకో ఇల్లు. మంచు గట్టిగా పడితే రెండు మూడు రోజులు ఇంకో మనిషి ముఖం కనబడదు.

మా ఇంటి యజమాని అయిన ఆ పెద్దాయన ముత్తాత జర్మనీ ఉత్తర తీరంలోని ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చాడు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చినవాళ్లందరికీ 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చారని మనలో చాలామంది అనుకుంటారు. ఆయన వచ్చేసరికి ఆ కౌంటీలో ఉచిత భూమి లేదు. కొన్నాళ్లు కౌలు చేసి, 1878లో 80 ఎకరాలు కొన్నాడు. నీళ్లు నిలిచే బురద నేల. మట్టి గొట్టాలు చేత్తో పాతి, నీటిని కాలువలోకి తీసి పొలం చేశారు. అంతకుముందు ఆ ప్రాంతం ఆదివాసులది. పక్కనున్న టామా కౌంటీలో మెస్క్వాకీ తెగవాళ్లు తమ నేలనే 1857లో డబ్బిచ్చి మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ సంగతి నాకు చెప్పింది పెద్దాయనే. దాన్ని దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఈ కథలన్నీ వాళ్ల వంటింట్లో టీ తాగుతూ విన్నవే. ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్ వాళ్లకి కాఫీ కంటే టీ ముఖ్యం. కప్పులో పటికబెల్లం ముక్క వేసి, దాని మీద మరిగే టీ పోస్తే చిటపటమంటుంది. పైన కొంచెం మీగడ. కలపకూడదు! అలవాటు మిగిలింది కానీ భాష మిగల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1918 మేలో, అయోవా గవర్నర్ హార్డింగ్ బయట, రైళ్లలో, చివరికి ఫోన్లో కూడా ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని ప్రకటించాడు. వాళ్ల నానమ్మ పిల్లలతో సొంత భాష మాట్లాడటం మానేసింది. ఈ మాట విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1930ల మాంద్యంలో అప్పు కట్టలేని రైతుల సామాన్లు వేలం వేస్తుంటే, ఇరుగుపొరుగు వాళ్లంతా కూడబలుక్కుని ఆవుకి పది సెంట్లు, నాగలికి అయిదు సెంట్లు పాడి, కొన్నవన్నీ తిరిగి ఆ రైతుకే ఇచ్చేసేవారు. పెద్దాయన తండ్రి అలాంటి వేలంలో నిలబడ్డవాడు.

1980లలో అలా జరగలేదు. 1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొనడంతో ధరలు లేచాయి. అప్పు తీసుకుని భూమి కొనమని అందరూ చెప్పారు. పెద్దాయనా, ఆయన తమ్ముడూ కొన్నారు. 1980 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సోవియట్‌కి ధాన్యం అమ్మకాలు ఆపాడు. అదే ఏడాది డిసెంబర్‌కి ప్రైమ్ వడ్డీ రేటు, అంటే బ్యాంకులు బాగా నమ్మకమైన ఖాతాదారులకిచ్చే అప్పు మీద వడ్డీ, 21.5 శాతానికి చేరింది. 1981 నుంచి 1986 లోపు అయోవాలో భూమి విలువ దాదాపు మూడింట రెండొంతులు పడిపోయింది. పెద్దాయన పందులన్నీ అమ్మేశారు. ఆయన భార్య ఆస్పత్రిలో ఉద్యోగానికి వెళ్లింది, జీతంతో పాటు ఆరోగ్య బీమా కూడా వస్తుందని. ఆ ఉద్యోగమే తమ పొలాన్ని నిలబెట్టిందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో!

తమ్ముడికి మాత్రం మిగల్లేదు. 1985లో వేలం. అందరూ వచ్చారు, ఎవరూ మాట్లాడలేదు, కానీ వేలం పాట మాత్రం నిజంగానే పాడారు. తమ్ముడి ధాన్యం బండిని పెద్దాయనే కొన్నారు, ఎప్పటికైనా తిరిగి ఇచ్చేద్దామని. తమ్ముడు తీసుకోలేదు. ఏడేళ్లు వీళ్లింట్లో అన్నం తినలేదు. ఆ బండి ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. ఎవరూ వాడరు.

ఇక డబ్బు సంగతి. ఆయన సొంతం 240 ఎకరాలు, ఇంకో 400 కౌలు. కౌలు ఎకరాకు ఏడాదికి దాదాపు 300 డాలర్లు. 2024 అక్టోబర్‌లో మా నాన్న వచ్చినప్పుడు ఇద్దరూ మొక్కజొన్న చేలోకి దిగారు. నాన్న ఒక కండె వలిచి వరసలు లెక్కపెట్టాడు, పదహారు. ఒక గింజ కొరికి చూసి, తేమ ఇంకా ఉందన్నాడు. పెద్దాయన కూడా ఒకటి కొరికి తలూపారు. "ఎకరానికి ఎంతవుతుందో అడగరా" అన్నాడు నాన్న. 200 బుషెళ్లు, అంటే మన లెక్కలో 50 క్వింటాళ్లు. నాన్న నోరెళ్లబెట్టాడు. ధర అడిగాడు. బుషెల్ 4 డాలర్లు అనుకున్నా క్వింటాలు 1,300 రూపాయల చుట్టూ. "మన మద్దతు ధర 2,225 కదరా, అదీ చేతికొచ్చిందెక్కడ" అని నాన్న అంటే, నేను పెద్దాయనకి ఆ మాట చెప్పాను. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎకరం 10 వేల డాలర్లు దాటింది కాబట్టి కాగితం మీద ఆయన కోటీశ్వరుడే. అమ్మితేనే ఆ డబ్బు. అమ్మే మనిషి కాదు. కూతురు మినియాపొలిస్‌లో, కొడుకు డెమోయిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పక్క పొలం కుర్రాడు కౌలుకి అడుగుతున్నాడు. పెద్దాయనకి 76 ఏళ్లు.

వాళ్ల గేటు దగ్గర సెంచరీ ఫామ్ బోర్డు ఉంది. నూరేళ్లు ఒకే కుటుంబం చేతిలో ఉన్న పొలాలకి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు అది. 150 ఏళ్లు నిండితే హెరిటేజ్ ఫామ్ అంటారు, ఆగస్టులో స్టేట్ ఫెయిర్‌లో పిలిచి ఇస్తారు. వాళ్లకి 2028లో నిండుతుంది. నేను ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన ఒకటే అడిగారు, అప్పటికి మీ నాన్నగారు మళ్లీ రాగలరా అని.