విలన్ పోయాడు సరే, ఆ తర్వాత?

ప్రశ్న: ఊరిని కాల్చుకు తిన్న విలన్‌ని క్లైమాక్సులో హీరో నరికేస్తుంటే మా ఇంట్లో అందరం చప్పట్లు కొడతాం. మీరు మాత్రం అలాంటి ముగింపులని ఎప్పుడూ తీసిపారేస్తారు. దుర్మార్గుడికి శిక్ష పడకూడదా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: పడాలి నాయనా, పడితే నాకూ కడుపు చల్లగా ఉంటుంది. నా పేచీ అంతా లెక్క అంత సులువుగా తెగిపోవడంతోనే. రెండు గంటలసేపు వాడు లాక్కున్న పొలాలు, పెట్టించిన దొంగకేసులు, చంపించిన మనుషులు, అన్నీ ఒక్క ఫైటుతో మాఫీ! వాడు చెప్పినట్టల్లా ఆడిన ఎస్సై ఏమయ్యాడు? దొంగసాక్ష్యం చెప్పినవాడు మర్నాడు ఏ మొహం పెట్టుకుని బజారుకొచ్చాడు? ఎవరూ అడగరు.

శ్యామ్ బెనెగల్ తీసిన 'నిశాంత్' (1975) దొరికితే చూడు. కథ 1945 నాటి తెలంగాణ పల్లెలో నడుస్తుంది. జమీందారు తమ్ముళ్ళు బడిపంతులు భార్య సుశీలని ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. పంతులు పోలీసుల దగ్గర్నుంచి పైఅధికారుల దాకా కాళ్ళరిగేలా తిరుగుతాడు. అందరికీ అంతా తెలుసు, ఎవరూ కదలరు. ఆఖరికి గుడి పూజారి తోడు రాగా ఊరిని కదిలిస్తాడు. జనం జమీందారు ఇంటి మీద పడతారు. నీ లెక్కన అక్కడ చప్పట్లు కొట్టాలి. కానీ ఆ ఊపులో జమీందార్లతోపాటు ఏ పాపం ఎరగని చిన్నకోడలు రుక్మిణీ పోతుంది, ఎవరికోసం ఇదంతా మొదలైందో ఆ సుశీలా పోతుంది. పంతులికి న్యాయం జరిగిందంటావా, లేదంటావా? నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అంతకు ముందేడు ఆయనే తీసిన 'అంకుర్'లో శిక్ష మరీ చిన్నది. భూస్వామి కొడుకు సూర్య, కిష్టయ్య భార్యతో తను చేసిన పాపం తెలిసి అతను తన్నడానికే వస్తున్నాడనుకుని, ఆ మాట రాని కిష్టయ్యని కొరడాతో బాదుతాడు. నిజానికి అతను పని అడగడానికి వస్తున్నాడు. అంతా అయ్యాక ఒక చిన్న కుర్రాడు సూర్య ఇంటి కిటికీ అద్దం మీదకి రాయి విసిరి పరుగెత్తుతాడు. సినిమా అక్కడితో సరి. ఆ రాయివల్ల సూర్య ఆస్తి ఒక్క కుంట కూడా తగ్గదు. అయినా పెద్ద పెద్ద ఫైట్లు మర్చిపోయాను గానీ ఆ రాయిని మర్చిపోలేదు. తలుపేసుకుని లోపల నక్కినవాడికి భయం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది మరి.

ప్రశ్న: అధికారమదం గురించి రాసేవాళ్ళంతా షేక్స్‌పియర్ నాటకం 'మాక్బెత్'నే ఉదాహరిస్తారు. మన దగ్గర ఆ స్థాయి కథ లేదా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: లేకేమండీ, భారతంలోనే ఉంది. నహుషుడి కథ. చిన్నప్పుడు అందరం విన్నదే, కానీ కాలితో తన్నాడు, పామైపోయాడు అని రెండు ముక్కల్లో చెప్పేసి వదిలేస్తాం. అసలు సరుకంతా మధ్యలో ఉంది.

వృత్రుణ్ణి చంపిన పాపభయంతో ఇంద్రుడు ఎక్కడో నీళ్ళలో దాక్కుంటాడు. స్వర్గానికి రాజు లేడు. దేవతలు, ఋషులు భూమ్మీదకొచ్చి నహుషుణ్ణి బతిమాలతారు. ఆయన మంచి రాజు, పైగా 'నాకంత శక్తి లేదు' అని వెనక్కి తగ్గుతాడు కూడా. అప్పుడు వాళ్ళే ఒక వరం ఇస్తారు: నీ చూపు ఎవరి మీద పడితే వాళ్ళ తేజస్సు నీకొచ్చేస్తుంది. ఇచ్చినవాళ్ళు ఆలోచించారో లేదో గానీ, దీనర్థం ఏమిటి? ఇకమీదట ఆయన ఎదుట నిలబడి 'ఇది తప్పు' అనగలిగే మనిషే ఉండడు. ఎదురొచ్చినవాడు నోరు తెరిచేలోపే నీరసపడిపోతాడు. అలాంటివాడు శచీదేవిని కోరడంలో వింతేముంది! ఆమె బృహస్పతి చాటుకి చేరి, గడువు అడిగి, చివరికి ఋషులు మోసే పల్లకీలో రమ్మంటుంది. అతను సంబరంగా ఎక్కుతాడు. అగస్త్యుడి తలకి కాలు తగులుతుంది, శాపం పడుతుంది. దెబ్బ ఎటువైపు నుంచి వచ్చిందో చూడండి. పల్లకీ మోస్తున్నవాళ్ళ వైపు నుంచి.

అంతటితో అయిపోలేదు. అరణ్యపర్వంలో ఆ కొండచిలువ భీముణ్ణి చుట్టేస్తుంది. అంతటి భీముడూ కదల్లేకపోతాడు, ఎందుకంటే పాత వరం ఇంకా పనిచేస్తూనే ఉంది! పదవి పోయింది, రూపం పోయింది, ఎదుటివాణ్ణి నీరుగార్చే గుణం మాత్రం పోలేదు. ధర్మరాజు వచ్చి దాని ప్రశ్నలకి జవాబులు చెబితే గానీ విముక్తి లేదు. సంపద ఎంత తెలివైనవాడినైనా మోహంలో పడేస్తుందని నహుషుడే అక్కడ ఒప్పుకుంటాడు.

'మాక్బెత్' మాట ఎత్తారు కాబట్టి ఒకటి. నాటకంలో అతణ్ణి చంపేది బయటినుంచి సైన్యంతో వచ్చిన మాక్డఫ్. అదే కథని జపాన్‌కి తెచ్చి 'త్రోన్ ఆఫ్ బ్లడ్' (1957) తీసిన కురొసావా ముగింపు మార్చేశాడు. అడవి కదిలొస్తే తప్ప నాకు ఓటమి లేదని, మాక్బెత్ లాంటి ఆ పాత్ర వేసిన నటుడు మిఫునే ఏ సైనికుల ముందు గొప్పలు పోయాడో, ఆ సైనికులే అతని మీద బాణాలు వేస్తారు. చెక్కగోడకి దడదడా దిగే ఆ బాణాల్లో చాలావరకు నిజమైనవే, విలుకాళ్ళు వేసినవే. మిఫునే మొహంలో ఆ బెదురు ఉత్త నటన అనిపించదు. నహుషుడి పల్లకీ గుర్తొచ్చింది నాకు.

ప్రశ్న: అధికారం మనిషిని చెడగొడుతుందా, చెడ్డవాళ్ళే అధికారం కోసం ఎగబడతారా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో కుదరదు, పాలబకెట్లు చాలు. ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' (1945)లో జంతువులు యజమానిని తరిమేసిన కొత్తలో ఐదు బకెట్ల పాలు పితుకుతారు. సాయంత్రానికి పాలు మాయం. తర్వాత తెలుస్తుంది, పందుల కుడితిలో కలుస్తున్నాయని. పందుల నాయకులిద్దరిలో నెపోలియన్ దుర్మార్గుడు, స్నోబాల్ పాపం మంచివాడు అని చదివినవాళ్ళంతా చెబుతారు. కానీ పాలూ ఆపిల్సూ పందులకే దక్కాలన్న విషయంలో ఆ ఇద్దరూ ఒక్కటే మాట. ప్రతిదానికీ కొట్టుకునేవాళ్ళు దీని దగ్గర మాత్రం కొట్టుకోలేదు. మిగతా పుస్తకమంతా ఆ పాల వెనకే నడుస్తుంది.

ప్రశ్న: ఇలాంటి కథల్లో ఆడదానికి అన్యాయం జరిగేది హీరోకి కోపం రావడానికేనా? ఆమె వైపు నుంచి చెప్పిన సినిమా మనకి లేదా?
– గృహిణి

జవాబు: ఉంది. బి. నర్సింగరావు 'దాసి' (1988). గడీలో వెట్టి చేసే కమలాక్షిగా అర్చన చేసింది, ఉత్తమనటిగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. నీళ్ళు మోయడం, కాళ్ళు కడగడం, పిలిస్తే దొర గదిలోకి వెళ్ళడం, అన్నీ ఒకే వరసలో, ఒకే నెమ్మదితో చూపిస్తాడు. చూసేవాళ్ళకి విసుగు పుడుతుందని కొందరన్నారు. పుట్టాలి! ఆమె రోజులు అలాగే గడిచాయి కదా. కడుపొస్తే తీయించేస్తారు. దొరకి ఏమవుతుంది? ఏమీ అవదు. ఆమెకోసం కత్తి పట్టుకుని వచ్చే హీరో ఎవరూ లేడు. టీవీ ముందు పని చేసుకుంటూ చూసే సినిమా కాదిది, కూర్చుని చూడండి.

ప్రశ్న: దొరలు, రాజులు సరే. మర్యాదగా, మంచిగా ఉండేవాడి అధికారం సంగతేమిటి?

జవాబు: కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ చదవండి. శ్రీరాములు నాయుడు ఊరికి మేలు చేసిన పెద్దమనిషి. అప్పల్రాముడి బాకీ గురించి పంచాయితీ పద్ధతిగా సాగుతుంది. ఎవరూ ఎవరినీ కొట్టరు, అరవరు. ధర్మం గురించి బోలెడు మాటలు. బాకీ తీర్చాల్సిందే అని తేలుతుంది. తీరిస్తే ఆ ఇంటి పిల్లలకి పాలేరుతనమే గతి. అప్పుడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కన్నబిడ్డనే నరికేస్తాడు. ఆ పిల్లాడి నెత్తురు ఎవరి ఖాతాలో రాయాలన్నదాని మీద మన విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

ప్రశ్న: హీరోనే పోలీసై లాకప్పులో నిందితుణ్ణి చితగ్గొడితే, అది అధికార దుర్వినియోగం కిందికి రాదా?
– ఒక న్యాయవాది

జవాబు: వస్తుంది. మీకు తెలియక అడగలేదని నాకు తెలుసు! కెమెరా ఎవరి పక్కన నిలబడింది అన్నదే తేడా. వెట్రిమారన్ తమిళంలో తీసిన 'విసారణై' (2015)లో కెమెరా దెబ్బలు తినేవాళ్ళ పక్కన ఉంటుంది. గుంటూరులో కూలీ పనికొచ్చిన తమిళ కుర్రాళ్ళని చెయ్యని దొంగతనం ఒప్పుకోమని కుళ్ళబొడుస్తారు. స్వయంగా లాకప్పు చూసిన ఆటో డ్రైవర్ చంద్రకుమార్ రాసిన నవల దీనికి ఆధారం. కోర్టులో వాళ్ళని విడిపించిన పోలీసు అధికారి ముత్తువేలు కాస్త మంచివాడే. రెండో సగంలో ఆ కుర్రాళ్ళకి వినకూడని మాట వినపడుతుంది. వాళ్ళ నోరు మూయించడానికి వేసిన ఎన్‌కౌంటర్ పథకం ముత్తువేలునీ మింగేస్తుంది, చంపింది తన శాఖవాళ్ళే. హీరో పోలీసు సినిమా చూసిన వారంలోనే ఇదీ చూడండి, ఇంట్లో కుర్రాళ్ళని కూడా కూర్చోబెట్టండి. వాళ్ళు ఏమన్నారో నాకు రాస్తే వచ్చే సంచికలో వేస్తాను.