ముందు నీ గది ఎక్కడిచ్చారో చూడు

అమ్మాయీ,

యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో చేరుతున్నానని మెసేజ్ పెట్టావు, సంతోషం. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. రెండేళ్లూ వార్డుల్లో తిరిగినదానివి, సైకాలజిస్టుగా పనిచేయడానికి కావాల్సిన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ కూడా వచ్చేసింది. టెస్టులూ థెరపీలూ నీకు నేను చెప్పక్కర్లేదు.

ముందు నీ గది ఎక్కడిచ్చారో చూడు. ఫీజు కౌంటర్ పక్కన ఇస్తే ఒప్పుకోకు. నాకు మొదట అలాంటిదే ఇచ్చి, పైన ఇంత పెద్ద బోర్డు కొట్టారు. మూడు నెలలు ఈగలు తోలుకున్నాను. హెల్త్ సెంటర్ వెనక వరండాలోకి మారాకే, జ్వరం మాత్రలకి వచ్చినట్టు వచ్చి పిల్లలు నా గదిలోకి దూరడం మొదలైంది.

వచ్చినా అసలు సంగతి వెంటనే చెప్పరు. నిద్ర పట్టట్లేదంటారు, అటెండెన్స్‌కి సర్టిఫికెట్ కావాలంటారు. ఈమధ్య రీల్స్ చూసి, ‘మేడం, నాకు యాంగ్జైటీ, డిప్రెషన్ రెండూ ఉన్నాయి’ అని జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తున్నారు. నవ్వకు. ‘ఇదే మీ అమ్మకి చెప్పాలంటే ఏమంటావు?’ అని అడుగు. ఒకబ్బాయి చాలాసేపు చెప్పుల వంక చూసి, ‘ఏం తిన్నా మట్టి తిన్నట్టుందే అమ్మా, అంటాను’ అన్నాడు. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 కాగితం మీద తొమ్మిది ప్రశ్నలకీ చకచకా టిక్కులు పెట్టినవాడు, ఆ మాట దగ్గర ఏడ్చేశాడు. మూడు సప్లీలున్నాయనీ, ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాడనీ ఆ తర్వాతే తెలిసింది.

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న, చావు ఆలోచనల గురించి. దానికి ‘కొన్ని రోజులు’ అని టిక్కు పెట్టినా సరే, మొత్తం స్కోరు తక్కువే కదా అని వదిలేయకు. ‘పిచ్చి ఆలోచనలేమైనా వస్తున్నాయా’ అని చుట్టు తిప్పి అడిగితే ‘అబ్బే, లేదు మేడం’ అంటారు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకి మాత్రం చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే, ఎంతదాకా ఆలోచించారో తెలుసుకో. ఒంటరిగా గదికి పంపకు. ఆ రాత్రి తోడు ఎవరుంటారో, మనసు చెడితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరూ కూర్చుని రాయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 అక్కడికక్కడే ఫోన్‌లో సేవ్ చేయించు. మందులు అవసరమనిపిస్తే, సైకియాట్రిస్టుని కలవమని చీటీ రాసిచ్చి చేతులు దులుపుకోకు. మొదటిసారి నువ్వే వెంట వెళ్లు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. కొత్తలో ఒక అమ్మాయి గురించి హాస్టల్ వార్డెన్‌తో, ‘ఆ పిల్లని కాస్త కనిపెట్టి ఉండండి’ అన్నాను. అంతే అన్నాను. ఆవిడ మంచి మనసుతోనే రూమ్‌మేట్లకి చెప్పింది. రెండు రోజుల్లో హాస్టలంతా పాకింది. ఆ అమ్మాయి మళ్లీ నా గడప తొక్కలేదు. మెస్ దగ్గర ఎదురుపడితే తల తిప్పుకునేది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది, ప్రాణాపాయం లాంటి మినహాయింపులూ పెడుతుంది. ఆ మినహాయింపు సంగతి మొదటి సెషన్లోనే పిల్లలకి చెప్పు. చెప్పాల్సి వచ్చినా, ఎవరికి ఎంత చెబుతున్నావో వాళ్లకి తెలిసి ఉండాలి.

పైవాళ్లతోనూ ఇదే పేచీ. విశాఖ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హులైన కౌన్సెలర్ ఉండాలంది. దాంతో మన పోస్టులకి కాస్త గిరాకీ వచ్చింది, మంచిదే. కానీ రేపు క్రమశిక్షణ కమిటీ నిన్ను పిలిచి, ‘వీడు ఫిట్టా, అన్‌ఫిట్టా రాసివ్వండి’ అంటుంది. నీ దగ్గర సెషన్లకి వచ్చే పిల్లాడైతే రాయకు, బయటి డాక్టరు చేత చూపించమను. రిజిస్ట్రార్ మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

రిజల్ట్స్ వచ్చిన వారం మధ్యాహ్నాలు రెండు అపాయింట్‌మెంట్లు ఖాళీగా ఉంచుకో. చెప్పకుండా వచ్చేవాళ్లుంటారు. శనివారం రాత్రి తీరిగ్గా నాకు ఫోన్ చెయ్యి, బరువనిపించిన కేసులు మాట్లాడుకుందాం. పేర్లు మాత్రం నాకూ చెప్పకు.

మీ మేడం