గుల్లలు పట్టిన బోటు, చేతులెత్తేసిన రంగుల షాపు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. ఒక ఫైబర్ బోటు ఉంది. నేనూ, తమ్ముడూ, ముగ్గురు కలాసీలూ వేటకెళ్తాం. బోటును ఇసుక మీదకు లాగం, ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్లలోనే కట్టి ఉంచుతాం. వేసవిలో వేట నిషేధం ఉన్నప్పుడు విశాఖపట్నంలోని ఒక షాపులో అడుగుకు వేసే యాంటీఫౌలింగ్ రంగు 20 లీటర్లు 21,000 రూపాయలకు కొన్నాను. రెండేళ్లు గుల్ల పట్టదన్నారు. జూన్ 15న బోటు దించితే దసరాకే అడుగంతా గుల్లలు. డీజిల్ తాగేస్తోంది. అడిగితే "ఇది వ్యాపారానికి కొన్న సరుకు, కన్స్యూమర్ కోర్టు నీకు వర్తించదు" అంటున్నారు. బిల్లు లేదు, ఫోన్‌పే చేశాను. ఇంకొకతను ఓడలకు వేసే పాత 'టిన్' రంగు తెప్పిస్తానంటున్నాడు. వేయవచ్చా?

జవాబు: షాపువాళ్లు చెప్పింది సగం చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవారిని పక్కన పెట్టిన మాట నిజం. కానీ సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి కొన్న సరుకు వ్యాపారం కిందికి రాదని అదే సెక్షన్‌లో వివరణ ఉంది. ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోరని లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీరు స్వయంగా వేటకెళ్తున్నారు, అదే మీ బలం. కలాసీలకు జీతమా, వాటానా అన్నది మీరు రాయలేదు. వాటా అయితే ఫిర్యాదులో తప్పకుండా రాయండి. మూడు బోట్లు కొని, ఒడ్డున కూర్చుని లెక్క చూసుకునే ఆసామికైతే నేనింత ధైర్యం చెప్పను.

బిల్లు గురించి దిగులు పడకండి. బిల్లు ఇవ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌పే రికార్డు తీసి పెట్టుకోండి. విశాఖ వెళ్లక్కర్లేదు, మీరు ఉండే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

కేసు జారిపోయేది వేరే చోట. ఈ రంగులో సాధారణంగా రాగి ఆక్సైడ్ ఉంటుంది. అది కొద్దికొద్దిగా నీళ్లలోకి వదులుతూ, గుల్ల పిల్లలు అడుగుకు అంటుకోకుండా చూస్తుంది. సెల్ఫ్ పాలిషింగ్ రకమైతే బోటు కదులుతుంటేనే పైపొర అరిగి లోపలి పొర తేలుతుంది. వాయుగుండాలనీ, తుపాను హెచ్చరికలనీ వారాల తరబడి కట్టేసి ఉంచితే గుల్లలకు అదే సందు. అవతలి లాయరు ఇవే అడుగుతాడు: పాత రంగు గీకారా, ప్రైమర్ వేశారా, ఎన్ని పూతలు పూశారు, ఎంతసేపు ఆరనిచ్చారు, ఎన్నాళ్లు వేటకెళ్లకుండా కట్టేశారు? జవాబులు ఇప్పుడే తమ్ముడితో కూర్చుని కాగితం మీద పెట్టండి. రంగు వేసిన వాళ్లెవరైనా సాక్షిగా వస్తారా, అదీ చూడండి.

అడుగున ఇంత రంగు మిగిలిన డబ్బా ఏదైనా ఇంట్లో ఉందా? ఉంటే అది బంగారం. మూత బిగించి, బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీసి, ఎవరూ ముట్టని చోట దాచండి. సరుకులో లోపం ఉందో లేదో తేల్చడానికి కమిషన్ శాంపిల్‌ను ల్యాబుకు పంపగలదు, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. బోటుకు అంటిన రంగుకంటే డబ్బాలో మిగిలిన రంగే నమ్మదగ్గ సాక్ష్యం. గుల్లలు గీకించే ముందు తేదీ పడేలా వీడియో తీయండి.

ఏం అడగాలి? రంగు డబ్బులు, మళ్లీ గీకి వేయడానికయ్యే కూలి, మనోవేదనకు పరిహారం. 'ఉత్పత్తి బాధ్యత' అని ఆ చట్టంలో ఒక అధ్యాయం ఉంది. దాని కింద వేయమని ఎవరైనా చెబితే తొందరపడకండి. అక్కడ 'హాని' నిర్వచనంలో ఆర్థిక నష్టం రాదు, కాబట్టి మీ డీజిల్ బాధ అక్కడ తీరదు. సరుకులో లోపం, తప్పుడు హామీ అనే దారిలోనే వెళ్లండి. అదనపు డీజిల్‌కు బంకు చీటీలుంటే జత చేయండి గానీ, దానిమీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. ముందు షాపుకూ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. చాలాసార్లు అక్కడే బేరానికి వస్తారు.

ఇక 'టిన్' రంగు. అతను చెప్పేది బహుశా ట్రైబ్యూటైల్ టిన్ అనే విష రసాయనం కలిసినది. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ తీరాన తినడానికి పెంచే ఆల్చిప్పలు దీనివల్ల వంకర తిరిగిపోయి, సాగు దెబ్బతింది. అక్కడ చిన్న పడవలకు 1982లోనే కట్టడి పెట్టారు. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17 నుంచి ఓడలపై దీన్ని నిషేధించింది. ఆ ఒప్పందానికి తగ్గట్టు మన మర్చంట్ షిప్పింగ్ చట్టాన్నీ 2014లో సవరించారు. అడుగు రంగు ఆ ఒప్పందం ప్రకారమే ఉందనే సర్టిఫికెట్ గొడవ 400 టన్నులు దాటి విదేశాలకు తిరిగే ఓడలది, మీకు లేదు. అలాగని ఆ రంగు మీకు మంచిదైపోదు. మీ మొగలో పీతలూ రొయ్యలూ పెరిగే నీళ్లలోనే కదా అది కరిగేది. పైగా కేసు నడుస్తుండగా ఆ డబ్బా మీ బోటెక్కితే, అవతలి లాయరు మిమ్మల్ని బోనులో అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.