జాబితా నిండా ఎర్రరంగే.. ఏ పని ముందు?

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఫోన్‌లో పనుల జాబితా రాసుకునే మైక్రోసాఫ్ట్ టు డూ యాప్ వాడుతున్నా. పనులు 40 దాటాయి, సగానికి పైగా గడువు దాటి ఎర్రగా కనిపిస్తున్నాయి. పొద్దున్నే అది తెరవాలంటేనే నీరసం. ఇంతకంటే మంచి యాప్ ఉందా సార్?
– ఉపాధ్యాయురాలు, ఖమ్మం

యాప్ మార్చకండి మేడమ్. కొత్తదాంట్లోకి ఈ 40 పనులూ ఎక్కించడానికే ఒక ఆదివారం పోతుంది. ఇబ్బందల్లా ప్రతి పనికీ తేదీ పెట్టడంలో ఉంది. అల్మారా సర్దడానికీ తేదీ, మార్కుల నమోదుకూ తేదీ పెడితే రెండూ ఒకేలా ఎర్రబడతాయి. నిజంగా తొందరపడాల్సింది ఆ గుంపులో కలిసిపోతుంది. ఆ రోజు దాటితే నష్టమో మాటపడటమో ఉన్న పనులకే తేదీ ఉంచి, మిగతావాటికి తీసేయండి. పనికి కుడివైపున్న నక్షత్రాన్ని మాత్రం మీకు ముఖ్యమైన వాటికి వాడండి. తేదీ అంటే తొందర, నక్షత్రం అంటే ముఖ్యం. ఈ రెండూ వేరని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో గుర్తుచేశారు, అదీ ఒక మాజీ కాలేజీ అధ్యక్షుడి మాటగా.

రెండూ ఉన్న పని పొద్దున్నే చేసేయండి. నాకు బెంగంతా నక్షత్రం ఉండి తేదీ లేని పనుల గురించే. బీపీ చూపించుకోవడం, మీ పాప చదువు దగ్గర కూర్చోవడం లాంటివి. వాటి కోసం ఎవరూ ఫోన్ చేయరు, గుర్తుచేయరు. అందుకే వాటిని జాబితాలో వదిలేయకుండా గూగుల్ క్యాలెండర్‌లో ఫలానా రోజు, ఫలానా గంట అని పీరియడ్‌లా వేసుకోండి.

ఇక రోజూ తెరవాల్సింది మొత్తం జాబితా కాదు, అదే యాప్‌లో ఆ రోజు పనులకు ఉన్న 'మై డే'. రాత్రి పడుకునే ముందు రేపటికి నాలుగైదు పనులు ఎంచుకుని, పొద్దున లేవగానే అందులో చేర్చండి. అర్ధరాత్రి దాటితే మై డే ఖాళీ అయిపోతుంది కాబట్టి రాత్రే చేర్చకూడదు. మిగిలిన పనులు ఎక్కడికీ పోవు, అసలు జాబితాలోనే ఉంటాయి. ఈ ఖాళీ కావడమే నాకు అన్నిటికంటే నచ్చింది. నిన్నటి బాకీ నెత్తిన పెట్టుకుని రోజు మొదలుపెట్టక్కర్లేదు. ఒకే పని మూడు రోజులు వరుసగా మిగిలిపోతే అది పెద్దదని అర్థం. 'పదో తరగతి పేపర్లు దిద్దడం' అని రాయకుండా, అందులో 'యాడ్ స్టెప్' నొక్కి పదేసి పేపర్ల చొప్పున విడగొట్టండి. ఖాళీ పీరియడ్‌లో ఒక విడత అయిపోతుంది.

రిమైండర్ పెట్టిన టైమ్‌కి మోగడం లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక వస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్.
– మందుల దుకాణం యజమాని, తెనాలి

ఫోన్ చార్జింగ్ ఆదా చేయడానికి మీరు రిమైండర్ పెట్టిన యాప్‌ను నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీరు వాడే యాప్, బ్యాటరీ వరుసగా తెరిచి 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. ఆండ్రాయిడ్ 13, ఆ తర్వాతి ఫోన్లలో నోటిఫికేషన్లకు మనమే అనుమతి ఇవ్వాలి, అదీ చూడండి. స్టాకు ఆర్డర్ లాంటి తప్పనిసరి పనులకు మామూలు అలారమే పెట్టుకోండి.

గ్రూప్-2కి చదువుతున్నా. 25 నిమిషాలు చదివి కాసేపు విరామం తీసుకునే పోమొడోరో టైమర్ మంచిదేనా? మధ్యలో వాట్సాప్ చూడకుండా ఉండలేకపోతున్నా.
– అభ్యర్థి, హైదరాబాద్

చదువు మొదలుపెట్టడానికే బద్ధకంగా ఉన్న రోజు 25 నిమిషాలు చాలా పనిచేస్తాయి. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో తన కోసం పెట్టుకున్న పద్ధతే ఇది. కానీ మోడల్ పేపర్ రాస్తుంటే మధ్యలో గంట కొట్టనివ్వకండి, పరీక్షంత సేపూ కూర్చోండి. వాట్సాప్ సంగతికొస్తే, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఫోకస్ మోడ్ ఉంటుంది. వాట్సాప్‌ను అందులో చేర్చి, చదివే గంటలకు షెడ్యూల్ పెట్టండి. ఆ సమయంలో యాప్ తెరుచుకోదు, నోటిఫికేషన్లూ రావు. ఫోన్ కాల్స్ మాత్రం వస్తాయి కాబట్టి, అవసరమైతే కాల్ చేయమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.